వద్దు అను మాట, దాని బంధువర్గము

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏదైన భాషావిషయము మీద మాటలాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను మొదట “వద్దండీ” అంటిని. వారు దానిని మొహమాటముగా గ్రహించి, కార్యక్రమ పత్రములో నా పేరు అచ్చు వేయించిరి. నా “వద్దు”నకు వారిచ్చిన విలువ అంత. అప్పుడే ఆ మాట మీదనే నాలుగు మాటలు చెప్పవచ్చునని నాకు తోచినది. అయితే అసలు కారణము మరియొకటి కలదు.

గత శీతకాలమున మా తల్లిగారు ఊరినుండి వచ్చి ఢిల్లీలో మాతో మూడు నెలలు ఉండిరి. మా అబ్బాయికి ఆరేండ్లు. పుట్టినది, పెరిగినది ఇక్కడి క్వార్టర్లలోనే. వచ్చిన రెండవ రోజు రాత్రి ఆమె వానికి అన్నము పెట్టుచు, “ఇంకొంచెం పెరుగన్నం పెట్టనా నాన్నా?” అని అడిగెను. వాడు తల అడ్డముగా ఊపి “లేదు నానమ్మా” అనెను. ఆమె చేతిలోని గిన్నె క్రింద పెట్టెను. “తప్పు నాన్నా. కంచం ముందు కూర్చుని లేదు అనకూడదు” అనెను. వానికి తాను చేసిన తప్పేమో తెలియలేదు. వద్దనుటకు “నో” యని ఇంగ్లీషులోను, “నహీఁ” యని హిందీలోను నేర్చినవాడు దానినే తెలుగు చేసి చెప్పెను. వాని లెక్క ప్రకారము అది సరియైన తెనిగింపే. కాని ఆమె ఆ రాత్రి చాలసేపు ఊరకుండెను. ఇంట అన్నము లేదని మనుమడు నోటితో అన్నట్లు ఆమెకు వినబడినది.

ఆనాటినుండి నేను మన నిరాకరణ పదములను కొంచెము శ్రద్ధగా వినుట మొదలిడితిని. నాకు బోధపడినదానిని మీకు విన్నవింతును.

ఒక ప్రశ్నకు తెలుగున “కాదు” అని చెప్పవలెనన్న, ముందు ఆ ప్రశ్న ఎట్టిదో తెలిసికొనవలెను. “ఇంట్లో బియ్యం ఉన్నాయా?” అనగా లేవు. “ఇది మీ గొడుగా?” అనగా కాదు. “కాఫీ కావాలా?” అనగా వద్దు. మూడింటికి మూడు వేర్వేరు సమాధానములు. మొదటిది ఉనికిని, రెండవది తాదాత్మ్యమును, మూడవది కోరికను తోసిపుచ్చును. ఒకదాని చోట మరియొకటి నిలువదు. గొడుగును చూపి అడిగినప్పుడు “వద్దు” అన్నచో, అది మీదే యైనను మీరు విడిచిపెట్టుచున్నారని అర్థము వచ్చును.

వీని వ్యతిరేకపదములను చూడుడు. లేదు అనుదానికి ఎదుటి మాట ఉన్నది. పూర్వపు వాడుకలో కలదు. ఈ కల, లే యను రెండింటినుండియే కలిమి లేములు అను చక్కని జంట పుట్టినది. సంపదకును దారిద్ర్యమునకును ఇంతకంటె పొట్టి పేర్లు మరే భాషయందైన కలవో లేవో నాకు తెలియదు. కాదు అనుదానికి ఎదుటి మాట ఔను. ఇవి రెండును పైకి ఎంత దూరముగా కనబడినను అగు అను ఒక్క ధాతువు బిడ్డలే. అవును అన్నది ఔనైనది; దాని వ్యతిరేక రూపము కాదు. ఒకే తల్లికి పుట్టి జీవితమంతయు ఒకరి మాట నొకరు ఖండించు తోబుట్టువుల వంటివి.

ఇక వద్దు. దీని పాత రూపము వలదు. వలయును అనగా కావలసియున్నది, వలదు అనగా అక్కరలేదు. వలదు వాడుకలో ఒరిసి వద్దైనది. వలయును వలెనుగా మారి, ముందొక “కా” చేర్చుకొని కావలెనైనది. నేటి నోట అది కావాలి. కనుక కావాలి, వద్దు అనునవి కూడ ఒకే ఇంటి పిల్లలు. వలచుట, వలపు అను మాటలును ఈ కుటుంబమునకే చేరును. వద్దు అను కఠినమైన మాటకు వలపు దాయాది యగుట వింతయే కదా! ఈ సభకు వచ్చిన తమిళ, కన్నడ, మలయాళ మిత్రులు తమ తమ మాటలను తలచుకొనినచో ఇట్టి జంటలే దొరకును: వేండుం, వేండామ్; బేకు, బేడ; వేణం, వేండా. వారి జంటలలో రెండు మాటలును ఒకే అక్షరముతో మొదలగుచున్నవి గనుక చుట్టరికము దాగదు. మన జంటలో ఒకటి ముఖము మార్చుకొన్నది గనుక గుర్తు పట్టుట కష్టము.

హిందీలో ఈ విభజన లేదని నేననను. మత్ అని నిషేధమునకు వేరు మాట వారికి కలదు. కాని ఉనికిని కాదన్నను, తాదాత్మ్యమును కాదన్నను, కోరికను కాదన్నను నహీఁ తప్పదు. ఇంగ్లీషు నో సంగతి చెప్పనక్కరలేదు. ఈ రెంటి నడుమ పెరుగు పిల్లవానికి మూడు తెలుగు మాటలెందుకో తోచదు. వాడు మూడింటిలో ఒకదానిని ఏరుకొనును. దాదాపు ప్రతి ఇంటను ఏరుకొనునది లేదు అను మాటనే. దోషము పిల్లలదే యని కూడ అనరాదు. తెలుగులోనికి మార్చిన టెలివిజను కార్యక్రమములలో, ప్రకటనలలో “లేదు, నేను రాను”, “లేదు, ఇది నా ఇల్లు” అను వాక్యములు రోజును వినుచున్నాము. తెలుగు నేలమీద పెరిగిన పిల్లలును ఇట్లే మాటలాడుచున్నారు. వాక్యము మొదట ఆ “లేదు” ఎందులకు వచ్చెను? అక్కడ ఇంగ్లీషున నో యున్నది గనుక. అంతకు మించి దానికి పని లేదు. “నేను రాను” అన్నచోనే నిరాకరణము సంపూర్ణము.

ఈ “రాను” అనుదానియొద్ద ఒక్క నిమిషము ఆగుదము. మన క్రియ తన వ్యతిరేకమును తనలోనే ఇముడ్చుకొనును. చేయను, చేయవు, చేయడు, చేయము, చేయరు. కర్త ఎవరో, ఆతడు కాదనుచున్నాడో, రెండును ఒక్క మాటలో తెలియును. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున క్రియలను గూర్చి చెప్పుచు ఈ వ్యతిరేక రూపములకును సూత్రములు చేసెను. ఆ సూత్రములు మనకిప్పుడు అక్కరలేదు గాని, ఒక్క తిను అను క్రియను తీసికొని చూడుడు. తినను అన్నది పట్టుదల. తినలేను అన్నది అశక్తత. తినలేదు అన్నది జరిగిన సంగతి. తినరాదు అన్నది శాస్త్రము. తినకూడదు అన్నది వైద్యుడో నాయనమ్మయో చెప్పునది. తినవద్దు అన్నది ఎదుటివానిని వారించుట. ఇన్ని మెట్లున్నచోట మా అబ్బాయి అన్నింటికి “తినలేదు” అనుచుండెను. తిననని మొండికేసినవానికిని, తినలేక విడిచినవానికిని తల్లి చెప్పు సమాధానము ఒకటి కాదు. ఆ భేదము తెలియక మేమే ఎన్నియో మారులు వానిని అనవసరముగా కోపపడితిమి.

వద్దు అను మాటకు మరియొక లక్షణము కలదు. “నేను వద్దు” అనము. “నాకు వద్దు” అందుము. అనగా నేను కర్తను కాను. ఆ అక్కరలేమి నాకు కలిగినది, అంతే. అందుచేత ఆ మాటలో కొంత మెత్తదనము కలదు. దీనికి పాత పర్యాయపదము ఒల్లను. ఒల్లను, ఒల్లవు, ఒల్లడు అని అది పురుషలన్నిటియందు నడచును. “నాకు వద్దు” అన్నవానిని మరల బ్రతిమాలవచ్చును. “నేనొల్లను” అన్నవాని యెదుట ఇక మాట పెంచుట కష్టము. ఇంత గట్టి మాటను మనము చేజేతుల పోగొట్టుకొంటిమి. పాత పుస్తకములలోను, కొందరు వృద్ధుల నోటను తప్ప నేనిప్పుడు దానిని వినుట లేదు.

కూడదు, తగదు, చెల్లదు, పొసగదు మొదలైనవానిని త్వరగా దాటుదము. కూడనిది కూడదు, తగనిది తగదు. ఎదుటి మాటలు కూడును, తగును. చెల్లదు అన్నది నాణెమునకును, దస్తావేజునకును, ఒక్కొక్కప్పుడు అల్లుని మాటకును వర్తించును. చేయవచ్చును, చేయరాదు అను జంటలో రెండును వచ్చు అను క్రియనుండి పుట్టినవే యని మాత్రము గుర్తుంచుకొనుడు.

మా తల్లిగారి కోపమునకు కారణము వీనిలో ఏదియు కాదు. మన ఇండ్లలో లేదు అను మాట మీద ఒక కట్టడి కలదు. బియ్యము అయిపోయినప్పుడు ఇల్లాలు “బియ్యం లేవు” అనదు. “బియ్యం నిండుకున్నాయి” అనును. డబ్బా అడుగు కనబడుచుండగా నిండినదని చెప్పుట! పసుపు కుంకుమలకును ఇదే మర్యాద. దీపము ఆరిపోయినదనక కొండెక్కినదందురు. ఇల్లు విడిచి బయలుదేరువారు వెళ్ళుచున్నానని చెప్పరాదు, వెళ్ళివత్తునని చెప్పవలెను. పైనున్న తథాస్తు దేవతలు తొందరపడి అస్తు అందురేమో యని భయము. నిఘంటువు వ్రాయువారు పర్యాయపదములను ఒక వైపు, వ్యతిరేకపదములను మరియొక వైపు పేర్చుదురు. మన వంటింటిలో వ్యతిరేకపదమే పర్యాయపదముగా కూర్చున్నది. నిండుట అనునది లేమికి పేరైనది. పస్తులు తెలిసిన ఇండ్లలో ఈ మాట మరింత జాగ్రత్తగా వాడబడుటను నేను చిన్ననాట చూచితిని. దానిని మూఢవిశ్వాసమనువారు అనవచ్చును. చేతిలో లేనిదానిని నోటనైన ఉంచుకొందమను ఆశ కూడ అందున్నదని నా తలంపు.

ఆ కట్టడియే విస్తరి ముందునకు కూడ వచ్చినది. అక్కడ తగిన మాట చాలు. “చాలండి” అన్నవాడు పెట్టినదానిని మెచ్చుకొనుచునే నిరాకరించుచున్నాడు. అయినను మొదటి “చాలు” ఎవ్వరును లెక్కింపరు. అది మొహమాటము క్రింద కొట్టివేయబడును. రెండవదానికి గరిటె కొంచెము ఆగును. మూడవసారి విస్తరిమీద చేయి అడ్డము పెట్టినగాని వడ్డించువాడు నమ్మడు. ఇక్కడి పెండ్లి విందులలో ఇతర ప్రాంతముల మిత్రులు తెలియక ఒక్కసారి “వద్దు” అని ఊరకుండి, మూడవ లడ్డు కూడ వేయించుకొని కష్టపడుట మీరును చూచియుందురు.

భిక్షకుని పంపివేయునప్పుడు సైతము లేదనక “మళ్ళీ రా నాయనా” అందురు. దాతను పొగడవలెనన్న “లేదనకుండ ఇచ్చువాడు” అందురు. పోతన భాగవతము అష్టమ స్కంధమున బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన హితవంతయు వామనునకు లేదని చెప్పుమనియే కదా. బలి వినలేదు. వచ్చినవాడెవడో తెలిసియు వినలేదు.

ఇక నిరాకరణ పదములలో నాకు మిక్కిలి ఇష్టమైనది ససేమిరా. “ఎంత చెప్పినా ససేమిరా అన్నాడు” అందుము. ఇది తెలుగు మాట కాదు, సంస్కృతమును కాదు, అసలు మాటయే కాదు. విక్రమార్కుని సింహాసనపు కథలతో చేరి ప్రచారమైన ఒక కథలోనివి ఈ నాలుగక్షరములు. ఒక రాజకుమారుడు వేటలో దారి తప్పి, పులి తరుమగా చెట్టెక్కెను. పైన ఒక ఎలుగుబంటి కలదు. అది వానికి అభయమిచ్చి, కొమ్మపై నిద్రపోనిచ్చెను. వానిని క్రిందికి త్రోయుమని పులి అడిగెను. శరణన్నవానిని త్రోయనని ఎలుగు చెప్పెను. పిమ్మట ఎలుగు నిద్రించెను. కుమారుడు కాపలా యుండెను. పులి వానినడిగెను. వాడు కాదనలేకపోయెను, త్రోసెను. ఎలుగు పడక కొమ్మను పట్టుకొని, వానిని పిచ్చివాడవై తిరుగుమని శపించెను. అది మొదలు వాడు ఏమడిగినను ససేమిరా యనుట తప్ప వేరు మాట ఎరుగడు. చివరకు తెర చాటునుండి ఒక పండితుడు స, సే, మి, రా అను అక్షరములతో మొదలగు నాలుగు శ్లోకములు చదివెను. నమ్మినవారిని వంచించుట ఘనకార్యము కాదనియు, మిత్రద్రోహము సేతుయాత్రచేతను పోదనియు వాని సారము. ఒక్కొక్క శ్లోకమునకు ఒక్కొక్క అక్షరము జారిపోయి, కడపట కుమారునికి మతి కుదిరెను.

ఈ పిచ్చిమాట మొండి నిరాకరణమునకు పేరెట్లైనది? అడిగినదానికెల్ల ఒకే మాట చెప్పువాడు గనుక యని సులువుగా చెప్పవచ్చును. నాకు మాత్రము వేరొకటి తోచును. ఆ కథలో నిజముగా కాదన్నది ఎలుగు ఒక్కటియే. వద్దనవలసిన క్షణమున వద్దనలేనివానికే ససేమిరా మిగిలినది. దీనికి వ్యతిరేకపదమును ఎంత వెదకినను నాకు దొరకలేదు. సుతరాము అను మాట సంగతియు చిత్రమే. సంస్కృతమున దానికి మిక్కిలి యని మాత్రమే అర్థము. మనవారు దానిని తెచ్చి “సుతరామూ ఇష్టం లేదు” అని నిరాకరణమునకే కట్టివేసిరి.

సంస్కృతమునుండి వచ్చిన పెద్ద మాటలు మన కార్యాలయములకు దగ్గరివి: నిషేధము, నిరాకరణము, తిరస్కారము. తిరస్కారమునకు శబ్దమునుబట్టి సరియైన ఎదుటి మాట పురస్కారము. ఒకటి ప్రక్కకు నెట్టుట, మరియొకటి ముందు నిలుపుట. నేడు పురస్కారము బహుమానమైనది గనుక, ఎవరైన రచయిత బహుమానము వద్దన్నప్పుడు పత్రికలవారు పురస్కార తిరస్కారమని వ్రాయవలసి వచ్చుచున్నది. మన ఫైళ్ళ సంగతి మీకు తెలియనిది కాదు. అక్కడ ఔను అను మాటకు తావు లేదు. పాస్‌పోర్టు కోరిన ఉద్యోగికి కార్యాలయము సంతోషమని చెప్పదు. నిరభ్యంతర పత్రము ఇచ్చును. రెండు వ్యతిరేకములు కూడి ఒక అంగీకారమైనవి.

నిరాకరణము అను మాటకు ఒక గొప్ప కాలము నడచినది. 1920లో మొదలైన ఉద్యమమునకు తెలుగువారు సహాయ నిరాకరణమని పేరిడిరి. 1921లో చీరాల, పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నులు కట్టమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, రామనగరమను పేరిట పాకలు వేసికొని నెలల తరబడి ఎండలో వానలో ఉండిరి. ఆ మరుసటి యేడు పెదనందిపాడు ప్రాంతమున పర్వతనేని వీరయ్య చౌదరిగారు మొదలైనవారు శిస్తు నిరాకరణము నడపిరి. పుస్తకములలో ఈ పెద్ద సమాసము ఉండుగాక. రైతునకు మూడక్షరములు చాలును: కట్టము. అందులో పన్ను చెల్లింపకుండుటయు కలదు, మేమందరమును కలదు.

ఒక మాట మాత్రము కొంచెము భయముగా చెప్పుచున్నాను. మౌనము అర్ధాంగీకారమని మనకొక సామెత. పెండ్లిచూపులనాడు తల వంచుకొని కూర్చున్న పిల్ల ఏమియు పలుకకున్నచో, “సిగ్గుపడుతోంది, ఇష్టమే” అని పెద్దలు లేచి తాంబూలములకు మాట ఇచ్చుట మనలో చాలమంది చూచినదే. ఆ మౌనములో మిగిలిన సగము ఏమిటని ఎవ్వరైన అడిగిరా? పైన చెప్పిన మాటలన్నిటిని మనము అబ్బాయిలకు నేర్పకయే నేర్పితిమి. ఆడపిల్లలకు చాలు, సరే యను రెండు మాటలే తరచుగా చాలుననుకొంటిమి. మా అక్కగారు పెండ్లియైన ముప్పదియేండ్లకు మా తల్లిగారితో “అప్పుడు నాకు వద్దని చెప్పాలనుంది, ఎలా చెప్పాలో తెలియలేదమ్మా” అనెను. మా తల్లిగారు బదులు చెప్పలేదు. కంచము ముందు లేదనరాదని మనుమనికి ఓపికగా నేర్పిన ఆమెయే అప్పుడు కూతురు మాటకై ఒక్క నిమిషము ఆగలేదు. ఇది ఆమెయే నాకు చెప్పెను.

మూడు నెలలలో మా అబ్బాయి కొంత నేర్చెను. చాలు అనుట త్వరగా వచ్చినది. అందుచేత ఒకటి రెండు ముద్దలు తప్పించుకొనవచ్చునని వాడు కనిపెట్టెను. కాదు, లేదు అనువాని తేడా ఇంకను తడబడుచునేయున్నది. ఆమె తిరిగి ఊరికి వెళ్ళు దినమున స్టేషనుకు వాడును వచ్చెను. పెట్టెలు లోపల సర్ది, ఆమె కిటికీయొద్ద కూర్చుండెను. వాడు కమ్మీలు రెండు చేతుల పట్టుకొని, హిందీ గాని ఇంగ్లీషు గాని కలుపక, “నానమ్మా, వెళ్ళొద్దు” అనెను.

ఆమె కమ్మీల సందునుండి వాని వ్రేళ్ళు నిమిరి, “వెళ్ళొస్తాను నాన్నా” అనెను.